బాన్సురి ఆగినప్పుడల్లా

మా ఆయనకు సంగీతం రాసిచ్చిన డాక్టరును నేను ఇవాళ్టికీ తప్పుపట్టను. గోళీలు రాశాడు, ఉప్పు తగ్గించమన్నాడు, చివర్లో తాంబూలం ఇచ్చినట్టు, రోజూ పొద్దునా సాయంత్రం బాన్సురి, అదే పిల్లనగ్రోవి, వినమన్నాడు. మెల్లటి పాట వింటే ఊపిరి నెమ్మదిస్తుందట, దాని వెనకే గుండె నెమ్మదిస్తుందట, నరాలు సడలుతాయట. బీపీ దిగితేనే కంటికి ఆపరేషన్. అప్పటికే ఒకసారి ఆస్పత్రి గడప దాకా తీసుకెళ్లి బీపీ ఎక్కువుందని వెనక్కి పంపారు.

కళ్లలో మోతీబిందు, శుక్లాలు. ఆయన కుంఠా నాకాలో తువ్వాళ్లు నేసే కార్ఖానాలో మా పెళ్లికి ముందు నుంచీ పవర్‌లూమ్ నడుపుతున్నాడు. ఈమధ్య తెగిన దారం కొస కనబడక వేళ్లతో తడుముకుంటున్నాడు. తువ్వాళ్లు పాడయ్యేసరికి సేట్ తిట్టలేదు. "కాకా, కళ్లు బాగు చేయించుకొని రా" అన్నాడు. తిట్టి ఉంటేనే బాగుండేది. ఇంత మర్యాదగా ఇంటికి పంపాడంటే ఆ జాగాకు ఇంకో మనిషిని చూస్తున్నాడనే లెక్క. ఆపరేషన్ ఆలస్యమైతే ఆయనకు పనీ లేదు, చూపూ లేదు.

ఇక శాంతికి మా ఇంట్లో కొదవ లేదు. ఏళ్ల తరబడి కార్ఖానా గోడకు ఆనుకున్న గదిలో కాపురం చేసి, ఆ మోతకు తల పగిలి, పోరు పెట్టి కుంభారి కాలనీకి మార్పించింది నేనే. ఇక్కడ నేను బీడీ ఆకు కత్తిరిస్తే ఆ కత్తెర చప్పుడు పక్కింటికి వినబడుతుంది. నాకైతే స్వర్గం.

ఆ స్వర్గంలో ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి ఫోనులో బాన్సురి పెట్టాను. నేను ఎదురుగా చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతున్నాను. వాయించేవాడు బాగానే వాయిస్తున్నాడు. ఒక చోట రాగం తీసి ఆగాడు. మా ఆయన చటుక్కున లేచాడు.

"ఏందయ్యా, తేలు కుట్టినట్టు లేచినవ్?"

"ఏం లే" అని కూర్చున్నాడు.

పాట సాగింది, మళ్లీ ఆగింది. మళ్లీ లేచాడు. ఈసారి చేయి కూడా ముందుకు చాచాడు, అక్కడేదో పట్టుకోవడానికి ఉన్నట్టు.

"మల్లేమాయె?"

"ఆగింది."

"వాయించెటోడు దమ్ము తీస్కోవద్దా? ఆడు మనిషి గాదా?"

"తెగిందనుకున్ననే" అన్నాడు సిగ్గుపడుతూ.

నాకు అర్థమయ్యేసరికి నవ్వాగలేదు. అడ్డంగా నేసే పేక దారం తెగితే పవర్‌లూమ్ దానంతటదే ఆగిపోతుంది. అన్ని మగ్గాల మోతలోనూ తన మగ్గం ఒక్కటి ఆగితే ఆయన చెవికి తెలిసిపోతుంది. ఆగిందంటే పరిగెత్తాలి, ముడెయ్యాలి, మళ్లీ నడపాలి. చప్పుడు ఉన్నంతసేపే ఆయనకు నెమ్మది. డాక్టరేమో చప్పుడు మధ్య మౌనం పెట్టి మరీ మందుగా ఇచ్చాడు. నవ్వి నవ్వి బీడీలన్నీ చాటలోంచి జారిపోయాక భయం పట్టుకుంది. నెమ్మదించడానికి ఇచ్చిన మందుతో ఈయన గుండె పరుగులు పెడుతుంటే ఆపరేషన్ ఎప్పటికయ్యేది? తబలా గట్టిగా మోగే భజన పెట్టి చూశాను. అది మధ్యలో ఆగదు, నిజమే. కానీ ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుంది కదా!

మళ్లీ ఆపరేషన్ రోజు వచ్చింది. ఆస్పత్రి వరండాలో తలపైన ఒక స్పీకరు డబ్బా, అందులోంచి బాన్సురి. నా ఖర్మ! అది ఆగినప్పుడల్లా ఈయన కుర్చీ అంచు పట్టుకుంటున్నాడు. నర్సు చేతికి పట్టీ కట్టి బీపీ చూసింది.

"మావ్శీ, బీపీ జాస్త్ ఆహే. థోడా వేళ్ బసా" అంది.

బీపీ ఎక్కువుంది, కాసేపు కూర్చోమని. కూర్చుంటే దిగేదా? కార్ఖానాలో పనిచేసే మా మరిదికి ఫోను కొట్టాను.

"వదినా, అయిందా ఆపరేషన్?"

"ఏం గాలే. నీ ఫోను మగ్గం పక్కన వెట్టు. కట్ చెయ్యకు."

"ఏందీ?"

"చెప్పింది చెయ్యి. మీ అన్నకు పాట వినవడాలె."

ఫోను ఆయన చెవికి ఆనించాను. టకటక మొదలైంది. భుజాలు కిందికి దిగాయి, పాదం ఆడింది, కళ్లు మూతపడ్డాయి. కాసేపటికి నర్సు మళ్లీ చూసి తలూపింది. డాక్టరు వచ్చి, తలపై డబ్బా వైపు వేలు చూపించి, సంగీతం మహిమ చూశారా అన్నాడు. ఫోను కొంగు కింద దాచుకొని "అవును సాబ్" అన్నాను. అబద్ధమేమీ కాదు. గోళీలూ తమ వంతు చేసే ఉంటాయి, పాపం వాటిని మాత్రం ఎవరూ పొగడలేదు.

ఆయన్ని లోపలికి తీసుకెళ్లారు. తలుపు మూసుకుంది. చూపు రాకపోతే? లోపల గుండెకేమన్నా అయితే? ఫోను కట్ చేద్దామని తీసి, చెయ్యకుండా చెవికి పెట్టుకున్నాను. నేను ఇన్నేళ్లు శాపనార్థాలు పెట్టిన మోతే. దాన్ని పట్టుకొని కూర్చున్నాను.

ఉన్నట్టుండి అది ఆగింది.

ఎప్పుడు లేచి నిలబడ్డానో తెలియదు.

"ఏమాయె? ఎందుకాగింది?" అని అరిచాను. వరండా అంతా నా వైపు చూసింది.

"దారం తెగింది వదినా, ముడేస్తున్న. గట్ల ఒర్లుతున్నవేంది?" అన్నాడు మరిది.

అంతలో తలుపు తెరుచుకుంది. ఒక కంటికి పట్టీతో మా ఆయన నర్సు చేయి పట్టుకొని వచ్చాడు. రెండో మసక కంటితో నన్ను వెతుక్కున్నాడు.

"ఏమే, గట్ల నిలవడ్డవేంది?"

"మగ్గం ఆగిందయ్యా" అన్నాను.

ఆయన తడుముకుంటూ వచ్చి నా చేయి పట్టుకున్నాడు.

"తెగితె ముడేస్తరు తియ్" అన్నాడు. "కూసో."