కుప్పం నుంచి బోడిమెడ కోళ్లు

ఎల్సా పెంచిన ఆఖరి తెల్లకోడి మే నెల మొదట్లో ఎండదెబ్బకు చచ్చిపోవడంతో మా ప్రయాణం మొదలైంది. ఎల్సాది డెన్మార్క్. మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో నర్సు. నేను సాయంత్రాలు ఆమెకు తెలుగు చెప్పే పంతులమ్మను. బెంగుళూరు నుంచి తెప్పించుకున్న సీమకోళ్లు పెరట్లో ఒక్కొక్కటే నోరు తెరిచి పడిపోతుంటే, "ఈ ఎండ వాటికీ పడలేదు, నాకూ పడలేదు. యుద్ధం ముగిసి ఓడలు నడిస్తే వెళ్లిపోతాను" అని ఇంగ్లీషులో అంది. ఆ మాట నాకు కష్టంగా తోచింది. కుప్పం దగ్గరి పల్లెలో ఉండే తన అక్క మునెమ్మ బోడిమెడ కోళ్లు పెంచుతుందనీ, మెడమీద ఈకల్లేని ఆ కోళ్లు ఎండకు బాగా ఆగుతాయనీ ఆసుపత్రి వంటమనిషి చెప్పాడు. రెండు రోజులు సెలవు పెట్టి బయలుదేరాం.

పెట్రోలు కరువు కాబట్టి ఇప్పుడన్నీ బొగ్గు గ్యాసుతో నడిచే బస్సులే. తెల్లవారి మదనపల్లెలో ఎక్కితే ఎనిమిది దాటాక పుంగనూరు చేరాం. మనిషికి ఆరణాలు. మిట్ట వచ్చినప్పుడల్లా అందరం దిగి నడవాల్సిందే. పుంగనూరులో ఎల్సా ఇడ్లీలు తింది, నేను వెంట తెచ్చుకున్న అటుకులు తిన్నాను. అక్కడి నుంచి పలమనేరు మీదుగా కుప్పం బస్సు. డ్రైవరు ఖాదర్ సాబు, "కోళ్లకోసం కుప్పం పోతాండారా? మా పుంగనూరులో కోళ్లు లేవా ఏంది?" అని నవ్వాడు. మధ్యాహ్నం దిగి, దున్నిన చేల గట్లమీద మైలున్నర నడిచాం.

మునెమ్మ చాప పరిచి ఎల్సాకు మజ్జిగ ఇచ్చింది. ఎల్సా నేను నేర్పిన తెలుగులో, "అమ్మా, మీ కోళ్లను నాకు విక్రయింపుడు" అంది.

మునెమ్మ నావైపు తిరిగింది. "ఏమంటాండాదమ్మా దొరసాని?"

"కోళ్లు అమ్మమంటోంది."

"అమ్మేదానికి యాడుండాయి తల్లీ? తెగులొచ్చి శానా పోయినాయి. పుంజులు రెండు, పెట్టలు మూడే మిగిలినాయి."

మేం లేచి వెళ్లబోతుంటే మునెమ్మ ఎల్సాను ఆపింది. "కోడికోసం ఇంత దూరం యాల వచ్చినావమ్మా?"

ఎల్సా మాటలు వెతుక్కుంది. "మా అమ్మ దగ్గర కోళ్లున్నాయి. నాలుగేళ్లు, అమ్మ కబురు లేదు. పొద్దున కోళ్లు అరిస్తే మా ఇల్లు అనుకుంటాను."

మునెమ్మ వచ్చి ఎల్సా పక్కన కూర్చుంది. "మా పెద్దోడు పట్టాళంలో ఉండాడు. యాడుండాడో తెల్దు" అంది. తర్వాత గంప తెచ్చి, అందులో ఒక పుంజునూ ఒక పెట్టనూ పెట్టింది. ఊళ్లో ధరకే ఇచ్చి, ఆ రాత్రి మమ్మల్ని తన ఇంట్లోనే ఉండమంది.

తిరుగు ప్రయాణంలోనూ ఖాదర్ సాబే డ్రైవరు. "లోపల జనం ఒప్పుకోరమ్మా. గంప టాపు మీదికి పోవాల" అన్నాడు. పలమనేరు దాటాక బొగ్గు వేయడానికి బస్సు ఆపితే ఎల్సా నిచ్చెన ఎక్కి చూసింది. పుంజు బాగానే ఉంది. పెట్ట మాత్రం మెడ వేలాడేసి, కళ్లు మూసుకుని పడి ఉంది.

"నీళ్లు! యాడ నీళ్లు?" అని అరిచింది. ఆ "యాడ" నేను నేర్పింది కాదు.

దగ్గర్లో బావి లేదు. ఉన్నది నా చెంబులో తాగునీళ్లే. కోడిని ముట్టని ఇంట్లో పుట్టినదాన్ని. ఆ చెంబు ఎవరి చేతికీ ఇచ్చేదాన్ని కాదు. చెయ్యి కాసేపు వెనకాడింది. చివరికి ఇచ్చేశాను. ఎల్సా పెట్ట కాళ్లు తడిపి, రెక్కల కింద నీళ్లు చల్లి, ముక్కును చెంబులో ముంచింది. దిగిన జనం చుట్టూ చేరి పైపంచెలతో నీడ పట్టారు. కాసేపటికి పెట్ట కళ్లు తెరిచి గుటక వేసింది. ఖాదర్ సాబు చెమట తుడుచుకుని, "లోపలే పెట్టుకోండమ్మా. ఎవురన్నా అడిగితే నేను సెప్తా" అన్నాడు. ఎవరూ అడగలేదు. పుంగనూరులో బస్సు మారాక కూడా, మదనపల్లె దాకా పెట్ట నా ఒళ్లోనే కూర్చుంది.

శ్రావణంలో అది పిల్లల్ని లేపింది. వాటిలో చాలావాటికి మెడమీద ఈకల్లేవు. ఎల్సాకు వాళ్లమ్మ కబురు ఇంకా అందలేదు. ఆ దిగులు కోళ్లతో తీరేది కాదు. అయినా పొద్దున్నే పెరట్లో వాటికి గింజలు చల్లుతూ వాటితో తెలుగులోనే మాట్లాడుతుంది. ఓడల మాట ఈమధ్య ఎత్తడం లేదు. వచ్చే వేసవికి కోళ్లకు పందిరి ఎటువైపు వేస్తే బాగుంటుందని నిన్న నన్ను అడిగింది.

ఈ దారిన కోళ్లు తెచ్చుకునేవారు తెల్లవారి మొదటి బస్సే ఎక్కండి. గంపకు తడి గోనె చుట్టి, దాన్ని లోపల పెట్టనిమ్మని డ్రైవరును ముందే ఒప్పించుకోండి.