అమెరికాలో ఆంటీకి బాగా తెలిసినామె

డార్విన్‌లో మా ఇంటి ఆంటీ పోయింది. మంగళవారం పొద్దున ఇక్కడ బ్రిస్బేన్‌లో, సన్నీబ్యాంక్ పేటలో కూరగాయల కొట్టు ముందు కారు పార్క్ చేస్తుంటే, అక్కడ ప్రార్థన కూడిక నడిపే అయ్యగారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. "నిన్న మధ్యాహ్నం కుర్చీలోనే నిద్రపోయి అలాగే వెళ్ళిపోయిందమ్మా. మేం వెళ్ళేసరికి టీవీ ఇంకా ఆడుతూనే ఉంది," అన్నారు. ఏడవాల్సినదాన్ని, ముందు "ఏ సినిమా అంకుల్?" అని అడిగాను. ఆయన కూడా ఆలోచించకుండా "ఆవిడదే," అన్నారు. ఆ తర్వాతే ఇద్దరం ఏడ్చాం.

ఆ "ఆవిడ" ఎవరో చెప్పకుండా మా ఆంటీ గురించి చెప్పడం కుదరదు. అందుకని మొదటినుంచీ వస్తాను.

నేను నర్సింగ్ చదవడానికి ఖమ్మం నుంచి డార్విన్ వెళ్ళాను. ఆస్ట్రేలియా మ్యాపులో డార్విన్ అన్నిటికంటే పైన ఉంటుందని చూపిస్తే, పైన అంటే చలేమోనని మా అమ్మ రెండు స్వెట్టర్లు పెట్టి పంపింది. విమానాశ్రయం బయటికి అడుగు పెట్టగానే ఆ స్వెట్టర్ల సంగతి తేలిపోయింది. యూనివర్సిటీలో ఎవరో చెబితే ఆంటీ ఇంట్లో వెనక గది అద్దెకి తీసుకున్నాను. ఆంటీది నర్సాపురం. పెద్దాసుపత్రిలో నర్సు. పిల్లల్లేరు. డార్విన్ వచ్చిన కొత్తలోనే ఆంటీ భర్త పోయారు. వెళ్ళిన రోజే నాకు రెండు సంగతులు చెప్పింది. ఒకటి, టీవీ ఎదురుగా ఉన్న పేము కుర్చీలో తను తప్ప ఎవరూ కూర్చోకూడదు. రెండు, శుక్రవారం సాయంత్రం హాల్లో ప్రార్థన కూడిక ఉంటుంది, నాకిష్టమైతే కూర్చోవచ్చు, లేకపోతే లేదు. "భోజనం మాత్రం అందరికీ ఒకటే," అంది. నేను ప్రతి శుక్రవారం కూర్చున్నాను. నా భక్తి అంతా పండుగప్ప చేపల పులుసు మీద. ఇక్కడివాళ్ళు దాన్ని బ్యారమండీ అంటారు గానీ ఆంటీ దగ్గర ఆ పేరు చెల్లేది కాదు.

చేరిన రెండోరోజు ఆంటీ డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది. "పాపం, దానికి మళ్ళీ కాపురం చెడేట్టుందే," అంది.

"ఎవరికి ఆంటీ?"

"అమెరికాలో నాకు బాగా తెలిసినామెకి. మూడోవాడు కూడా వెళ్ళిపోయేట్టున్నాడు."

నేను చాలా బాధపడ్డాను. టీ పెట్టి ఇచ్చాను. దేవుడున్నాడని కూడా అన్నాను. వారం తర్వాత సూపర్ మార్కెట్లో బిల్లు వేయించుకునేచోట పత్రికల అట్ట మీద ఒక సినిమా నటి ఫొటో చూపించి, "ఇదిగో, ఈమే. చిక్కిపోయింది కదూ?" అంది ఆంటీ. ఆ టీ తిరిగి లాక్కోవాలనిపించింది నాకు.

తర్వాత ఆ నటి జీవితమంతా విడతలవారీగా నా చెవిన పడింది. ఆంటీ దాన్ని మేనత్త కూతురి సంగతి చెప్పినట్టు చెప్పేది. పుట్టింది ఎక్కడో మొక్కజొన్న చేల మధ్య ఊళ్ళో. తండ్రి ట్రాక్టర్లు బాగుచేసేవాడు. తల్లికేమో పిల్ల టీచరమ్మ కావాలని. పిల్ల బస్సెక్కి నటనలో పడింది. మొదటి సినిమాలో పది నిమిషాలకే చచ్చిపోయింది. "కానీ ఎంత బాగా చచ్చిపోయిందనుకున్నావే! నేను ఆసుపత్రిలో ఇంతమందిని చూశాను, అంత మర్యాదగా పోయినవాళ్ళు లేరు," అనేది ఆంటీ. మొదటి మొగుడు పాటలవాడు, తాగుబోతు. రెండోవాడు డైరెక్టరు, అనుమానప్పక్షి. మూడోవాడు గుర్రాల డాక్టరు, మంచివాడే, కానీ గుర్రాలతోనే మంచివాడు. నలభై దాటాక ఆవిడకి వేషాలివ్వడం మానేశారు. అమెరికా ఎన్ని తప్పులు చేసినా ఆంటీ లెక్కలో పెద్దది ఇదే. యుద్ధాలు దీని తర్వాత.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. మా శుక్రవారం కూడికలో సినిమా అంటే పాపం. కూడిక నడిపే అయ్యగారు ప్రభుత్వాఫీసులో ఉద్యోగి, నెమ్మదస్తుడు. ఆయన భార్య అమ్మగారు మాత్రం నిప్పు. ఒకరింట్లో కూడిక జరుగుతుంటే పిల్లలు పక్కగదిలో సినిమా పెట్టారని, ఆ ఇంటికి వెళ్ళడమే మాన్పించింది. బాప్తిస్మం తీసుకున్నప్పుడు సినిమాలు మానేస్తానని ఆంటీ కూడా అందరి ముందూ ఒప్పుకుంది. ఆ సంగతి నేను గుర్తుచేస్తే అస్సలు తడబడలేదు.

"అప్పుడు నేను నర్సాపురంలో ఉన్నానే. అక్కడ ఆడేవి తెలుగు సినిమాలు. అవి మానేశాను. ఇంగ్లీషువి ఎవరడిగారు?"

సరే, చూస్తే చూసింది. కూడికలో ప్రార్థన మనవులు చెప్పుకునే సమయమని ఒకటుంటుంది. ఒకరి వీసా, ఒకరి మోకాలు, ఒకరి కొడుకు గణితం, ఇలా ఎవరి కష్టం వాళ్ళు చెబితే అందరూ కలిసి ప్రార్థిస్తారు. చెప్పినదానికి మించి గుచ్చి గుచ్చి అడగడం మర్యాద కాదు, మిగతాది దేవుడికి తెలుసు. ఆంటీ తన వంతు వచ్చినప్పుడల్లా, "అమెరికాలో నాకు బాగా తెలిసినామె," అని మొదలుపెట్టేది. కాపురం, ఉద్యోగం, వాళ్ళమ్మ తుంటి ఆపరేషన్, అన్నీ. హాలంతా కళ్ళు మూసుకుని ఒక సినిమా నటి కాపురం నిలబెట్టమని ప్రభువును బతిమాలుతుంటే, నేను పెదవులు కొరుక్కుని పులుసు గురించి ఆలోచించేదాన్ని. అందరూ ఆమె ఆంటీ చుట్టమనే అనుకున్నారు. అమ్మగారైతే ఆ గుర్రాల డాక్టరును గట్టిగా గద్దించి ప్రార్థన చేసేది.

"తెలిస్తే ఏమవుతుందో తెలుసా ఆంటీ?" అని ఒకరోజు అడిగాను.

"తెలుసు. కూడిక ఇక్కణ్ణించి తీసేత్తారు," అంది. ఎప్పుడూ నవ్వే మనిషి నవ్వలేదు. "మీ అంకుల్ పోయినప్పుడు నాకు కూడూ నీళ్ళూ పెట్టింది ఆళ్ళే. శుక్రవారం ఆళ్ళు రాకపోతే ఈ ఇంట్లో నేనూ ఫ్యానూ మిగుల్తాం."

"మరి ఎందుకీ తంటా?"

అప్పుడు చెప్పింది. అంకుల్ పోయిన కొత్తలో ఒక మధ్యాహ్నం, తిన్న ఒక్క కంచం కడిగి వచ్చి టీవీ పెట్టింది. తెర మీద ఆ నటి కూడా వంటింట్లో నిలబడి ఒక్క కంచం కడుగుతోంది. సినిమాలో ఆమె మొగుడూ పోయాడు. మాటల్లేవు, కంచం తుడుస్తోంది అంతే. ఆ వారమే ఆసుపత్రిలో ఒక పత్రికలో చూసింది, నిజంగా కూడా ఆవిడని అప్పటి మొగుడు వదిలేసి వెళ్ళాడని.

"సినిమాలో ఏడుపూ ఆవిడే ఏడవాలి, ఇంటికెళ్ళి ఏడుపూ ఆవిడే ఏడవాలి. నాకు మీరంతా ఉన్నారు. ఆవిడకి ఎవరున్నారే? లోకమంతా చప్పట్లు కొట్టుద్ది, మోకాళ్ళూనేవాళ్ళు ఒక్కరుండరు," అంది. ఆ తర్వాత నేను ఆ విషయంలో ఎగతాళి తగ్గించాను. పూర్తిగా మానలేదు.

నా ఆఖరి సంవత్సరంలో, వానలు దంచుతున్న రోజుల్లో, ఆ నటికి చాన్నాళ్ళకి పెద్ద వేషం దొరికిన సినిమా వచ్చింది. అందులో ఆవిడ నర్సు. ఆంటీ నన్ను మధ్యాహ్నం ఆటకి తీసుకెళ్ళింది, తను ఆసుపత్రి యూనిఫాంలో. ఎందుకంటే "ఎవరైనా చూత్తే డ్యూటీకి వెళ్తన్నాననుకుంటారు," అంది. సినిమా మొదలైన కాసేపటికే కుర్చీలో ముందుకు వంగి, "నాడి బొటనవేలితో చూత్తాదేంటే! ట్రైనింగులో నువ్విట్టా చేత్తే ఇంటికి పంపేత్తారు!" అని అరిచింది. ముందు వరసలో ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. ఆంటీ ఆయన భుజం తట్టి, "సారీ డార్లింగ్. షీ ఈజ్ న్యూ. షీ విల్ లెర్న్," అంది. ఆయన ఆంటీ యూనిఫాం వైపు చూసి బుద్ధిగా ముందుకు తిరిగాడు.

ఆ వేషానికే అమెరికాలో పెద్ద బహుమతికి ఆవిడ పేరు వచ్చింది. ఆంటీ కూడికలో లేచి, "నాకు బాగా తెలిసినామె పనిచేసేచోట సోమవారం మధ్యాహ్నం ఒక పెద్ద నిర్ణయం తేలుతుందండి. ఐదుగురిలో ఒకరికే," అంది.

"ప్రమోషనా అమ్మా?" అన్నారు అయ్యగారు.

"ఆయ్, అలాంటిదేనండి."

"అయితే ఆ రోజు ఉపవాస ప్రార్థన పెట్టుకుందాం," అని అమ్మగారు తేల్చేసింది. షుగరున్న అయ్యగారితో సహా అందరూ పస్తు. నాకు భయం వేసింది. ఆంటీ మాత్రం ఆ రోజు సెలవు పెట్టి, కొత్త చీర కట్టుకుని, తను కూడా పస్తుండి టీవీ ముందు కూర్చుంది.

ఆవిడ విభాగం రాబోతుండగా తలుపు కొట్టారు. అయ్యగారూ అమ్మగారూ. గొడుగుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. "ఇంత ముఖ్యమైన గడియలో నువ్వొక్కదానివే ఉంటావని వచ్చాం," అంటూ లోపలికి వచ్చేశారు. టీవీ నిండా చేతుల్లేని గౌన్లూ, వీపుల్లేని గౌన్లూ. అమ్మగారు ఆ తెర చూసింది, ఆంటీ కొత్త చీర చూసింది. నేను రిమోట్ కోసం చెయ్యి చాపాను. ఆంటీ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"కట్టొద్దులే," అని నిలబడింది. "అయ్యగారూ, ఆమేనండి. నీలం గౌను. మనం ఇన్నాళ్ళూ ప్రార్థన చేసింది ఆమెకేనండి. నాకు చుట్టం కాదు. నేనామెకి తెలీదు. ఇక మీ ఇష్టమండి."

అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, తెర దగ్గరికి వెళ్ళి చాలాసేపు చూశారు. "ఈ పిల్లేనా?" అన్నారు. తర్వాత, "పక్కన కూర్చుంది వాళ్ళమ్మా? తుంటి బాగయినట్టుందే, నిటారుగా కూర్చుంది."

నేనే అన్నాను, "అవునంకుల్, బాగానే నడుస్తోందట."

"స్తోత్రం," అన్నారాయన.

అమ్మగారు గిరుక్కున తిరిగి, టీవీకి వీపు పెట్టి గోడకేసి నిలబడింది. వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. కవరు విప్పుతున్న చప్పుడు వినిపించగానే గోడతోనే అడిగింది. "చెప్పాడా? ఎవరికట?"

ఆవిడకే. ఆంటీ కేక వేసింది. అయ్యగారు రెండు చేతులూ ఎత్తి "హల్లెలూయ" అన్నారు. తెర మీద నీలం గౌను మెట్లెక్కి, ఏడుస్తూ, డైరెక్టరుకీ, మేకప్ వాళ్ళకీ, వాళ్ళమ్మకీ, చివరికి తన కుక్కపిల్లకీ కృతజ్ఞతలు చెప్పి దిగిపోయింది.

"కుక్కకి చెప్పింది. దేవుడికి చెప్పలేదు," అంది గోడవైపు నుంచి అమ్మగారు.

"గాభరాలో ఉందండి పాపం. పొద్దుట్నుంచీ ఏం తిని ఉండదు," అంది ఆంటీ.

"మనమూ తినలేదు," అన్నారు అయ్యగారు. నేను ఉప్మా చేశాను. అందరం తిన్నాం. ఆంటీ మాత్రం అమ్మగారి ముఖమే చూస్తోంది, తీర్పు కోసం. అమ్మగారు చెయ్యి కడుక్కుని, గొడుగు తీసుకుని, గుమ్మంలో ఆగింది.

"శుక్రవారం కూడిక ఇక్కడే. కానీ దాని మీద ఒక గుడ్డ కప్పు," అంది. రెండు మెట్లు దిగి మళ్ళీ వెనక్కి వచ్చింది. "ఆ గుర్రాలవాడు పక్కన కనపళ్ళేదేం? పూర్తిగా పోయాడా?"

ఆంటీ ఆ రోజే తెల్లటి అల్లిక గుడ్డ ఒకటి టీవీ మీద కప్పింది. నేను చదువు పూర్తిచేసి బ్రిస్బేన్ వచ్చేదాకా ప్రతి శుక్రవారం అది అక్కడే ఉంది. అమ్మగారు దానికి వీపు పెట్టి కూర్చునేది. ప్రార్థన మనవుల్లో ఆంటీ మర్చిపోతే, "అమెరికా?" అని గుర్తుచేసేది కూడా ఆవిడే. ఫోన్లో ఆంటీ ఈ మాట చెప్పినప్పుడల్లా పొంగిపోయేది. నాకు ఉద్యోగంలో మొదటి మెచ్చుకోలు వచ్చిందని చెబితే, "చప్పట్లు ఎవరైనా కొడతారు, నీకోసం మోకాళ్ళూనేది నేనే, గుర్తుపెట్టుకో," అంది. అవును ఆంటీ, గుర్తుంది. ఇప్పుడు నాకోసం ఎవరు ఊనుతారోనని దిగులుగా ఉంది.

ఆంటీ జ్ఞాపకార్థం పెట్టిన ఆదరణ కూడికకి డార్విన్ వెళ్ళాను. హాలు నిండిపోయి జనం వరండాలో నిలబడ్డా, పేము కుర్చీ మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అమ్మగారు కర్ర పొడుచుకుంటూ వచ్చింది. టీవీ మీది గుడ్డ తీసి, మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుని, ఆ కుర్చీలో కూర్చుంది. మొదటిసారి, టీవీకి ఎదురుగా. ముగింపు ప్రార్థన ఆవిడే చేసింది. ఆంటీ చెల్లెళ్ళని ఆదరించమంది, ఆసుపత్రిలో తోటి నర్సుల్ని ఆదరించమంది, నన్ను పేరుపెట్టి ఆదరించమంది. అక్కడితో అయిపోయిందనుకున్నాం. ఆవిడ గొంతు సవరించుకుంది.

"ప్రభువా, అమెరికాలో మా సోదరికి బాగా తెలిసినామె. ఈమె పోయిందని ఆమెకి తెలీదు. తన కోసం మోకాళ్ళూనినామె ఎవరో కూడా తెలీదు. తెలీకుండానే దిక్కులేనిదైపోయింది. ఆమెని కూడా ఆదరించు తండ్రీ. ఇకనుంచి ఆమె భారం మా మీద ఉంది."

అందరం ఆమెన్ అన్నాం. నేను కాస్త గట్టిగానే అన్నాను. కళ్ళు తెరిచేసరికి, ఆపి ఉన్న టీవీ నల్లటి అద్దంలో మేమంతా కనిపించాం, తలలు వంచుకుని, వరసగా, కుర్చీ చుట్టూ.