ఖాళీ గొట్టంలో కదిలిన ముల్లు

మొన్న మా కోడలు నా డైరీల ట్రంకుపెట్టె దులిపి, నాలుగు కలరా ఉండలు వేసి మూసింది. మంచికనే వేసింది. నిన్న ఉదయం మూత తీయగానే ఆ ఘాటు ముక్కుకు తగిలి నా చేయి గాలిలోనే ఆగిపోయింది. ఆ వాసనను ఇంట్లోకి రానిచ్చి నలభై ఏళ్ళు కావస్తోంది. ఉండలన్నీ ఏరి పారేసి, ఎనభైల నాటి ఒక డైరీ తీసుకుని వరండాలో కూర్చున్నాను. దానియేలు మేష్టారిని చూడనివాళ్ళకు ఆయన గురించి చెప్పాలంటే ఈ వాసన దగ్గరే మొదలుపెట్టాలి.

ఆయన ఇక్కడి విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యులు. నేను ఆయన ప్రయోగశాలలో సహాయకుణ్ణి. మా నాన్న ఈ ఊరి పోర్టులో పని దొరికి గోదావరి జిల్లా నుంచి వచ్చినవాడు. మేష్టారు మాత్రం ఇక్కడే పాత ఊళ్ళో, చర్చి పక్క ఇంట్లో పుట్టారు. పాఠం ఇంగ్లీషులో చెప్పినా మాట మాత్రం ఊరి మాటే. అతినీలలోహిత లేజరు కాంతితో అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడదీయడం ఆయన పని. చేరిన కొత్తలో అడిగాను: "ఎండలోనూ ఆ కాంతి ఉంటుంది కదండీ. మరి ఎండకు ఎందుకు ఊడవండీ?"

"పూర్ణా మార్కెట్టుకి ఎప్పుడైనా ఎల్లావేటి?" అన్నారు. "బియ్యం బస్తా ఒక్కడే ఎత్తితే మోకాలి దాకా వత్తాది, జారిపోతాది. రోజంతా ఎత్తినా లారీ ఎక్కదు. అది జారేలోగా రెండోవోడు సెయ్యేసాడనుకో?"

"ఎక్కుతుందండీ."

"అదీ. బస్తా ఎలక్ట్రాను, ఎత్తేవోడు కాంతి కణం. ఎండలో రెండోవోడు వచ్చేసరికి బస్తా కిందున్నాది. మన లేజర్లో జనం కిక్కిరిసి ఉంటారు. ఒకడి యెనకాలే ఇంకొకడు."

మా పరికరం ఒక గాజు గొట్టం. రెండు చివర్లా కాంతి దూరడానికి క్వార్ట్జ్ బిళ్ళలు, లోపల రెండు లోహపు పలకలు. పంపుతో గాలి తీసేసి, కొద్దిగా బెంజీన్ ఆవిరి పంపి, లేజరు కొడతాం. ఎలక్ట్రాన్లు ఊడితే పలకల మధ్య కరెంటు పారి మీటరు ముల్లు కదులుతుంది. రోజూ ముందుగా ఖాళీ గొట్టంలో కొట్టి చూసి, ఆ కొలతను పుస్తకంలో మొదటి వరుసలో రాయాలి. ఆ పని నాది. మొదటి వారం ముల్లు కదల్లేదు. సున్నా రాశాను. తరువాత ఖాళీ గొట్టంలో ఏముంటుందిలే అనుకుని, చూడకుండానే సున్నా రాయడం మొదలుపెట్టాను. మూడు నెలలు అలాగే రాశాను.

అదే సమయంలో ఇంకో పని కూడా చేశాను. సముద్రపు గాలికి కాగితాలు చెమ్మగిల్లి పురుగు పడుతోందని, కొలతల పుస్తకాలు ఉంచే సొరుగులో కలరా ఉండలు వేశాను. తుడిచిన క్వార్ట్జ్ బిళ్ళలను దూదిలో చుట్టి దాచేది కూడా ఆ సొరుగులోనే. నా జాగ్రత్త చూసుకుని నేనే మురిసిపోయాను.

నాలుగేళ్ళు కష్టపడి ఆ పరికరం కట్టి, ఈ మూడు నెలల కొలతలతో మేష్టారు రాసిన వ్యాసానికి బెంగుళూరు సదస్సులో చోటు దొరికింది. రైలు టిక్కెట్టు కూడా తీశారు. ఆయన పదవీ విరమణకు ఆరు నెలలే ఉన్నాయి. ప్రయాణానికి నాలుగు రోజుల ముందు, మధ్యాహ్నం, గ్రాఫు కాగితం మీద వంగి ఉన్న ఆయన తలెత్తారు.

"నాగేస్సర్రావూ, బెంజీన్ సగానికి సగం తగ్గించాం. ముల్లు కూడా దిగాలి కదా. దిగదేటి?"

"మన లేజరు అంత గట్టిదేమోనండీ," అన్నాను హుషారుగా.

ఆయన నవ్వలేదు. "ఖాళీ గొట్టం పెట్టు."

గంటసేపు పంపు నడిపాం. లేజరు కొట్టాం. ఏమీ లేని గొట్టంలో ముల్లు లేచి నిలబడింది. దాదాపు బెంజీన్‌కు లేచినంతా లేచింది. మేష్టారు మూడుసార్లు కొట్టి చూశారు. మూడుసార్లూ లేచింది. అప్పుడు నా పుస్తకం తెరిచి, సున్నాల మీద వేలు పెట్టి పేజీ తరువాత పేజీ తిప్పారు.

"ఇవి సూసి రాసావా? అనుకోని రాసావా?"

"అనుకుని రాశానండీ."

ఆయన తిట్టలేదు. గొట్టం విప్పి బిళ్ళను వాసన చూశారు. సొరుగు లాగి అక్కడా చూశారు. మర్నాడంతా అన్నీ కడిగి, వేడి చేసి, మళ్ళీ కొట్టాం. ముల్లు పడుకుంది. అప్పుడొక కలరా ఉండను సీసాలో పెట్టి దాని ఆవిరి లోపలికి వదిలారు. ముల్లు మీటరు చివరకు పోయి కొట్టుకుంది.

"బెంజీన్ కన్నా దీని బస్తా తేలిగ్గా లేత్తాది," అన్నారు నెమ్మదిగా. "మూణ్ణెల్లూ మనం కొలిసింది నీ సొరుగు వాసన్రా."

నేను సొరుగులో మిగిలిన ఉండలన్నీ ఏరి బయట పారేశాను.

వ్యాసం వెనక్కి తీసుకుంటున్నట్లు ఆయన రాసిన ఉత్తరం పోస్టు చేయడానికి నాకే ఇచ్చారు. 'ఖాళీ కొలతలు తీయకుండానే నమోదయ్యాయి. బాధ్యత నాది' అని ఉంది అందులో.

"నా పేరు రాయండి సార్," అన్నాను.

"నీ ఉద్యోగం ఇంకా పర్మినెంటు అవలేదు. నాను ఎలాగూ ఇంటికెల్లిపోతాను. నీ పేరెందుకు?" పుస్తకం నా ముందుకు తోశారు. "ఆ సున్నాలు మాత్రం నువ్వే కొట్టీ. ఒక్కోటీ."

ఒక్కొక్కటే గీత గీసి కొట్టేశాను. మిగిలిన ఆరు నెలల్లో సగం కొలతలే మళ్ళీ తీయగలిగాం. ఆ వ్యాసం ఆయన పేరుతో ఎన్నడూ రాలేదు. ఆ రోజు నా డైరీలో ఉన్నది ఒక్క ముక్క: 'పంపు బాగానే పనిచేసింది.' నిన్న అది చదివాను. కింద ఉన్న ఖాళీలో జరిగింది జరిగినట్లు, నిన్నటి తేదీ వేసి రాశాను.

రిటైరయ్యాక మేడ మీద ఒక వానకొలత సీసా పెట్టుకున్నాను. రోజూ ఉదయం చూసి డైరీలో రాస్తాను. ఈ ఉదయం మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కుతుంటే పక్కింటావిడ నవ్వింది. "తాతగారూ, నెల్రోజులుగా సినుకు లేదు. ఏటి సూత్తారు అందులో?"

పైకెళ్ళి, వంగి, సీసా అడుగు వరకూ చూశాను. ఏమీ లేదు. కిందకు వచ్చి సున్నా రాశాను.