బొమ్మలో తొడిగిన గ్లౌజులు

తొంభైల చివర్లో, ఫైన్ ఆర్ట్స్ చదువు ముగించి కాకినాడ నుంచి హైదరాబాద్ వచ్చిన కొత్తల్లో, మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు రిసెప్షన్‌కి పెద్ద బొమ్మ వేసే అవకాశం దొరికింది. వర్క్‌షాపులో పనిచేస్తున్న కార్మికుల బొమ్మ కావాలన్నారు. నేను ఏ వర్క్‌షాపు గడపా తొక్కింది లేదు. లేత్ మెషిన్ మీద ఇనుము చెక్కే మనిషితో సహా అంతా ఊహించుకునే వేసేశాను.

బొమ్మ తగిలించిన రోజు మేనేజరుగారూ స్టాఫూ మెచ్చుకుంటుంటే నేను గాల్లో తేలిపోతున్నాను. అప్పుడే వాచ్‌మన్ యాదగిరి దగ్గరకొచ్చి చూశాడు.

"ఏందమ్మా, లేత్ నడిపేటోనికి గ్లౌజులు తొడిగినవ్? తిరిగే మెషిన్ల గ్లౌజు చిక్కితే చెయ్యే గుంజుకపోతది" అన్నాడు.

"మీకెలా తెలుసు?" అన్నాను చిరాగ్గా.

ఆయన కుడిచెయ్యి చాపాడు. రెండు వేళ్లు లేవు.

"బాలానగర్‌ల ఇరవై ఏండ్లు లేత్ నడిపిన" అన్నాడు మామూలుగా.

అందరిముందూ నా మొహం మాడిపోయింది. సరిచేస్తానని మేనేజరుగారికి చెప్పి, మర్నాడు రంగులతో వచ్చాను. యాదగిరి ఎదురుగా నిలబడి, హ్యాండిల్ ఎలా పట్టుకోవాలో చూపించాడు. గ్లౌజులు చెరిపేసి, ఆయన చేతులు చూస్తూ మళ్లీ వేశాను.

ఆయన చాలాసేపు చూసి, "నా చెయ్యి చూసి ఏసి, అయిదు వేళ్లు పెట్టినవేంది బిడ్డా?" అన్నాడు.

నాలుక కరుచుకుని, "మార్చమంటారా?" అన్నాను.

"వద్దు, ఉండనీ. మంచిగున్నయ్."

ఇప్పటికీ ఎవరి పనిని బొమ్మగా వెయ్యాలన్నా, ముందు ఒక రోజంతా వాళ్ల పక్కన కూర్చుని చూస్తాను.