బెండచెట్లకు టీకాలేసిన సత్తార్ సాబు

ప్రాణమున్నది ఏది కనబడినా టీకా వెయ్యకుండా వదలడం సత్తార్ సాబుకు చేతకాదు. ఇరవై ఏళ్లు ఎల్లారెడ్డి చుట్టుపక్కల మశూచి టీకాలేశాడాయన. దేశంలో మశూచి లేదని సర్కారు ప్రకటించిన రోజు ఊరంతా సంతోషిస్తే, ఆయన మాత్రం అయినవాళ్లు పోయినట్టు అన్నం మానేశాడు.

ఆ తర్వాత సొరపాదుకు వేశాడు. జామచెట్టుకు వేసి, "చీమ కుట్టినట్టే బేటా, అయిపాయె" అని కొమ్మ మీద ఉఫ్ఫున ఊదాడు. "నువ్వు సూది పట్టుకుంటె కోళ్లు గూట్లకెళ్లి బయటికి ఎల్తలేవు" అని భార్య రఫియా మొత్తుకునేది.

తొంభై ఒకటిలో కామారెడ్డిలో రైతుల సదస్సు జరిగింది. పైదేశాల్లో పొగాకు మొక్కలోకి వైరస్ పైపొర జన్యువును ఎక్కించారని, ఆ మొక్క పుట్టుకతోనే తెగులును తట్టుకుంటుందని హైదరాబాదు నుంచి వచ్చిన శాస్త్రవేత్త చెప్పాడు. వెనక నుంచి సత్తార్ సాబు లేచాడు.

"రోగం ముక్కనిచ్చి రోగాన్నాపుడు! టీకానే గద సార్?"

"ఒక రకంగా అంతే."

ఒక రకంగా అన్న మాట ఆయన చెవికెక్కలేదు. పక్కనే ఉన్న వ్యవసాయ ఉద్యోగి భూమేశ్, ఆ విత్తనం మన దాకా ఎప్పుడొస్తుందని అడిగాడు. పదేళ్లో ఇరవై ఏళ్లో అన్నాడు శాస్త్రవేత్త. 'రైతులు సంతృప్తి చెందారు' అని భూమేశ్ నివేదిక రాసుకున్నాడు.

ఆ ఏడే బెండకు పల్లాకు తెగులొచ్చింది. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అది. ఆకుల ఈనెలు పసుపుపచ్చగా మారితే ఇక మందు లేదు, రోగం మొక్కను తొందరగా పీకెయ్యడమొక్కటే దారి. గాంధారి తోవలో దుర్గవ్వకు అరెకరం బెండ ఉంది. బీడీలు చుట్టీ చుట్టీ దగ్గు పట్టుకుంటే, మళ్లీ తంబాకు ముట్టొద్దని డాక్టరు చెప్పాడు. ఆమె కడుపు నిండాలంటే ఆ అరెకరమే పండాలి.

"అవ్వా, పచ్చబడ్డయి పీకెయ్యి" అన్నాడు భూమేశ్.

"బిడ్డలెక్క సాదిన. పీకుమంటవా? నిన్నే పీకుత!"

మర్నాటి నుంచి భూమేశ్ వచ్చేలోపే దుర్గవ్వ పచ్చబడ్డ ఆకులన్నీ గిల్లి కొంగులో దాచేసేది. భూమేశ్ చుట్టూ చూసి 'రోగం లేదు' అని రాసి, సంతకం చేసి పోయేవాడు. లోపల తెగులు మాత్రం సాలు దాటి సాలుకు పాకుతూనే ఉంది.

అప్పుడు దిగాడు సత్తార్ సాబు, సూదితో సహా.

"చెల్లె, టీకాలేస్త."

"ఏస్కో అన్నా. పీకుమనకుంటె సాలు."

రోజూ పొద్దున్నే ఒక్కొక్క చెట్టు దగ్గర కూర్చుని, ఆకు తిప్పి చూసి, పొడిచి, ఊదేవాడు. ఊరు విరగబడి నవ్వింది. భూమేశ్‌కు ఒళ్లు మండింది. ఒకరోజు టీకా మందు సీసా లాక్కుని వాసన చూశాడు.

"ఏంది సాబ్, ఉత్త బాయి నీళ్లు!"

"మెల్లగ మాట్లాడు. మశూచప్పుడు రోగమొచ్చిన పిల్లలను తల్లులు వడ్ల గుమ్మి వెనక దాచేటోళ్లు. రోగమెవ్వరికని అడిగితె ఎవ్వరు చెప్పలే. టీకా అంటె మాత్రం ఇల్లంత సూడనిచ్చిండ్రు."

"మరి రోగం చెట్లను ఏం జేస్తున్నవ్?"

"టీకా పడ్డది, జరమొచ్చింది, దవాఖానకు తోల్కపోత అంటున్న. ఆమెనే తవ్వి, తడిగుడ్డ సుట్టి ఇస్తది. నేను ఇంటెనక తీస్కపోయి కాలవెడుత."

భూమేశ్ సీసాకు మూత పెట్టి తిరిగిచ్చేశాడు. నాలుగు వారాలు గడిచేసరికి చుట్టుపక్కల బెండంతా ఎత్తిపోయినా, దుర్గవ్వ చేను ముప్పాతిక నిలబడింది. ఆమె బెండకాయల గంపతో కామారెడ్డి అంగడికి పోయింది. సంతోషం పట్టలేక, తిరుగు దారిలో నేరుగా సత్తార్ సాబు ఇంటికొచ్చింది.

"నా చెట్లను సూపియ్యన్నా. ఎట్లున్నయో ఏమో."

అక్కడే ఉన్న భూమేశ్‌ గబుక్కున లేచి నిలబడ్డాడు. సత్తార్ సాబు తాపీగా పెరట్లోకి నడిచాడు. అక్కడ ఒక సాలు నిండా మోకాలెత్తు బెండచెట్లు, ఆకుపచ్చగా. ఈ రోజొస్తుందని తెలిసి ఎప్పుడు విత్తాడో!

"గింత చిన్నగైనయేంది?"

"జరం పడి లేసినయి గద చెల్లె, చిక్కినయి."

దుర్గవ్వ ఆకులు నిమిరి, భూమేశ్ వైపు తిరిగింది. "నిజంగ నాయేనా సారూ?"

ఉద్యోగంలో చేరాక భూమేశ్ తెలిసి తెలిసి, మనస్ఫూర్తిగా ఆడిన మొదటి అబద్ధం ఇదే. "నీయే అవ్వా."

దుర్గవ్వ ఇద్దరి మొహాలూ చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఈడనే ఉండనియ్యున్రి. చెట్లు పీకుడంటె నా గోస సూడలేక గింత నాటకమాడిన అన్నకు, పూటకింత కూరకన్న అయితయి."