అమ్మ కథ మీద హక్కులు

మా అమ్మ చిట్టమూరు వైపు పల్లెల్లో నర్సుగా పనిచేసింది. ఒక తుఫానులో మోకాలి లోతు నీళ్లలో మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని వెళ్లి, చర్చిలో తలదాచుకున్న ఒకామెకు అక్కడే పురుడు పోసింది. ఆ సంగతి నేను రాస్తే హైదరాబాదులో ఒక వెబ్‌సైటువాళ్లు తీసుకున్నారు. వాళ్లు పంపిన కాంట్రాక్టులో సర్వహక్కులూ శాశ్వతంగా సంస్థవేనని ఉంది. ఇదేమిటని ఎడిటరుకు ఫోన్ చేశాను.

"అదంతా ఫార్మాలిటీ అండీ. మీ రచన ఎక్కడికి పోతుంది?" అని నవ్విందామె.

సంతకం పెట్టాను.

పోయినేడు అమ్మ చనిపోయింది. జ్ఞాపకార్థ కూడికకు వచ్చేవాళ్లకు ఆ రచనను చిన్న పుస్తకంగా అచ్చేసి పంచుదామంది అక్క. మర్యాదకు ఒక మాట చెబుదామని ఎడిటరుకు ఫోన్ చేశాను.

"సారీ అండీ, కుదరదు. ఆ కంటెంట్ మాది కదా."

"అది మా అమ్మ గురించండీ. ఆమె కూడికలో పంచడానికి."

"అర్థమైందండీ. కానీ కాంట్రాక్టు మీరే సైన్ చేశారు."

ఆమె గొంతులో కనీసం విసుగైనా లేదు. కోపంతో ఫోన్ పెట్టేశాను. అక్కకు చెబితే గయ్యిమంది.

"ఏందే ఇది? మనమ్మ గురించి మనం చెప్పుకునేదానికి వాళ్లనడగాల్నా? అచ్చేయించు, ఏం చేస్తారో చూద్దాం!"

నాకు మాత్రం వాళ్ల గుప్పిట్లో ఉన్న ఒక్క వాక్యం కూడా తాకబుద్ధి కాలేదు. కూడికలో కాగితం లేకుండా నిలబడి, గుర్తొచ్చినట్టు అమ్మ గురించి చెప్పాను. అప్పుడు వెనక నుంచి ఒక పెద్దామె లేచింది.

"నా బిడ్డకు ఫిట్సొస్తే మీయమ్మే ఒళ్లో పెట్టుకుని బస్సులో నెల్లూరికి తెచ్చినాది. దావ పొడుగునా నన్ను తిడతానే ఉండింది, ముందే ఎందుకు చెప్పలేదని."

అందరూ నవ్వారు. ఆ తర్వాత ఇంకొకరు లేచారు, ఆ తర్వాత మరొకరు. వాళ్లు చెప్పినవేవీ నేనెప్పుడూ రాయలేదు.

కొన్నాళ్లకు అదే వెబ్‌సైటు మరో రచన అడిగి, అదే కాంట్రాక్టు పంపింది. "శాశ్వతంగా" అన్నచోట కొట్టేసి తిప్పిపంపాను. అలాగైతే తీసుకోలేమన్నారు. అయితే వద్దన్నాను. మళ్లీ వాళ్ల నుంచి పని రాలేదు.

అమ్మ గురించి రాసింది మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది, అడుగున వాళ్ల హక్కుల ముద్రతో. ఎవరైనా ఆ లింకు పంపి బాగుందంటే, ఒళ్లు మండి జవాబు కూడా ఇవ్వను.