తుమ్మచెట్టుకు ఆనించిన కొడవలి

తొంభైల చివర్లో పెనుకొండ చూడాలని అనంతపురం నుంచి స్కూటర్ మీద ఒక్కడినే బయలుదేరాను. దగ్గరవుతుందని అడ్డదారి పట్టడం నా తెలివి. నడిమధ్యలో పెట్రోలు అయిపోయి బండి ఆగిపోయింది. చుట్టూ ఎండిపోయిన వేరుశనగ చేలు. మనిషి జాడ లేదు.

కాసేపటికి మేకల వెనక నుంచి ఒకాయన వచ్చాడు. భుజం మీద పొడవాటి గడ, దాని చివర కొడవలి. ఈ జిల్లా గురించి మా గుంటూరులో విన్న ముఠా కక్షల కథలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

“ఏ ఊరప్పా?” అన్నాడు.

కొత్తవాడినని తెలియనివ్వకూడదనుకున్నాను. “తాడిపత్రే. ఇక్కడ పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది?”

“తాడిపత్రోడు యాడ అంటాడు గానీ ఎక్కడ అంటాడా?”

నా చూపు కొడవలి మీదే ఉందని ఆయన గమనించాడు. వెనక్కి నడిచి, గడను తుమ్మచెట్టుకు ఆనించి, వట్టి చేతులతో తిరిగొచ్చాడు.

“మేకలకు కొమ్మలు కోసేదిలేప్పా అది,” అంటూ స్కూటర్‌ను ఒక పక్కకు బాగా వంచి, మళ్లీ నిలబెట్టాడు. “ట్యాంకు అడుగున ఇంత ఉంటాది. ఇప్పుడు తన్ను.”

బండి అందుకుంది. పెనుకొండ చూడాలని వచ్చానని అప్పుడు చెప్పాను.

“కొండ యాడికీ పోదు. నిదానంగా పో.”

ఆ రోజు పెనుకొండ చూశాను. ఎలా ఉందంటే ఇప్పుడు సరిగా చెప్పలేను. ఆ తుమ్మచెట్టు మాత్రం ఇరవై అడుగుల దూరంలో ఉందని బాగా గుర్తుంది. నా భయం కోసం ఆయన ఆ ఎండలో రానూపోనూ నడిచాడు.